వాయిదా రోజు చెప్పిన కొత్త పాఠం

ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మాయి నన్ను అడిగింది, "మేడమ్, మీ కాలంలో మీరు రాని రోజు మీ క్లాసు ఎవరు చూసేవాళ్లు?" అని. దేవుడే చూసేవాడని చెప్పి నవ్వేశాను గానీ, ఇంటికి వచ్చాక ఆలోచించాను. ఆమె అడిగినదాంట్లో నవ్వాల్సిందేమీ లేదు. మీ కొత్త టీచర్లకిప్పుడు ఫోనులో ఒక ముక్క పెడితే పక్క టీచరుకు తెలిసిపోతుంది. మాకు తెల్లారి బస్టాండుకు పోతే తప్ప ఆ రోజు బడికి చేరతామో లేదో తెలిసేది కాదు. ఎక్కడో ఎవరో ఎవరినో నరికారంటే జమ్మలమడుగులో బస్సులు కదిలేవి కావు, ప్రొద్దుటూరులో షట్టర్లు పడేవి. పులివెందుల వైపు సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మేము బస్టాండులో కూర్చుంటే, పిల్లలు బడిలో మా కోసం కూర్చునేవాళ్లు.

నేను పనిచేసిన బడి జమ్మలమడుగు నుంచి బస్సులో కాస్త దూరం. ఊరి పేరు చెప్పను. ఏడో తరగతి దాకా ఉండేది. లెక్కలు, సైన్సు నావి. ఊళ్లో పై వీధి ఒకటి, కింద వీధి ఒకటి. వీధికొక పార్టీ. మా వైపు పార్టీ అంటే జెండా తర్వాత, మనుషులు ముందు. జెండాలు ఎలక్షనుకొకసారి మారినా మనుషులు మారేవాళ్లు కాదు. బడి ప్రహరీ గోడకు తూర్పు సగం ఒక గుర్తు, పడమర సగం ఇంకొక గుర్తు పూసి ఉండేది. క్లాసులో పిల్లలు కూడా అట్లాగే కూర్చునేవాళ్లు. ఎవరూ కూర్చోబెట్టలేదు. ఒకటో తరగతిలో చేరిన నాడే ఎవరి వైపుకు వాళ్లు పోయి చతికిలపడేవాళ్లు. నేను జమ్మలమడుగు క్రైస్తవుల ఇంటి పిల్లను, మా తాత కాలం నుంచి బడిపంతుళ్లం. నాకు ఏ వీధీ లేదు కాబట్టి రెండు వీధులవాళ్లూ నన్ను నమ్మారు. నమ్మారంటే ఇద్దరూ సమానంగా అనుమానించారని అర్థం.

రెండు వైపులా ఒకరి మీద ఒకరికి కేసులున్నాయి. వాయిదా ఉన్న రోజు ఆ వీధి మగవాళ్లంతా జీపులెక్కి జమ్మలమడుగు కోర్టుకు పోయేవాళ్లు. ముద్దాయిలు గుప్పెడు మందే, తోడు పోయేవాళ్లు జీపులకొద్దీ. మగవాళ్లు లేని పూట ఆడవాళ్లు తలుపులు వేసుకుని పిల్లల్ని గడప దాటనిచ్చేవాళ్లు కాదు. ఆ రోజు నా క్లాసులో సగం ఖాళీ. అందుకని మా బడిలో ఒక ఆచారం పుట్టింది, ఏ సర్క్యులర్‌లోనూ లేనిది. వాయిదా రోజు కొత్త పాఠం చెప్పకూడదు. పాత పాఠాలే తిప్పించాలి. ఒక వీధి పిల్లలు ముందుకు పోయి ఇంకో వీధి పిల్లలు వెనకబడితే ఆ లెక్క బడిలో తేలదు. ఊళ్లో తేల్చుకుంటారు.

మా హెడ్మాస్టరుది పులివెందుల పక్కన లింగాల. ఈ మర్యాదలన్నీ ఆయన ఉగ్గుపాలతోనే నేర్చుకున్నాడు. పండుగ సెలవులు మరిచిపోయేవాడేమో గానీ ఏ వీధి వాయిదా ఎప్పుడో మరిచిపోయేవాడు కాదు. ఒకసారి వరసగా బస్సులు నిలిచిపోయి బడి మూతపడినంత పనైనప్పుడు మమ్మల్నందరినీ పిలిచాడు. "ఎవురి క్లాసు వాళ్లు ఒక కాగితం రాసి బీరువాలో పెట్టండి. మీరు రాకపోతే ఎవురొచ్చి నిలబడినా ఆ కాగితం చూసి పాఠం చెప్పేటట్టు ఉండల్ల" అన్నాడు.

మా తెలుగు పండితుడు నిలబడే రాసిచ్చాడు. ఒకటే వాక్యం. "పద్యములు వల్లె వేయించవలెను." నాకు మొదటి నుంచీ కాగితం పిచ్చి. ఏడో తరగతికి పేజీలకు పేజీలు రాశాను. బోర్డు సరిగ్గా కనపడని పిల్ల ఎవరు, కడుపునొప్పి అని చెప్పి చింతకాయలకు పోయేది ఎవరు, ఏ కిటికీ తెరిస్తే కందిరీగలు వస్తాయి, అన్నీ ఎక్కించాను. హెడ్మాస్టరు చదివి, "పాఠం చెప్పమన్నానా, కాపురం అప్పజెప్పమన్నానా తల్లీ?" అన్నాడు. ఒక్క చోట మాత్రం పెన్ను తీశాడు. "వాయిదా రోజున కొత్త పాఠం వద్దు" అని నేను రాసిన చోట.

"ఇది సర్కారు బీరువా. తనిఖీకి వచ్చినోళ్లు చూస్తే, బడి కోర్టు ప్రకారం నడుస్తాందా అని అడుగుతారు. ఏం చెప్పల్ల?"

ఇద్దరం కూర్చుని దాన్ని మార్చాం. "సగము మంది విద్యార్థులు రాని యెడల కొత్త పాఠము చెప్పరాదు." ఎందుకు చెప్పరాదో అందులో లేదు. మాకు తెలుసు కదా, చాలనుకున్నాం.

తర్వాత కొన్నాళ్లకు మా అమ్మ బావి గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. నేను ఆస్పత్రిలో చిక్కుకుపోయాను. పొరుగూరి బడికి కొత్తగా వచ్చిన ఒక కుర్ర మాస్టరును హెడ్మాస్టరు నా క్లాసుకు పిలిపించాడు. అతనిది కోస్తా, గుంటూరు దగ్గర. ప్రొద్దుటూరులో గది తీసుకుని ఉండేవాడు. మాటకు ముందు ఒక అండీ, వెనక ఒక అండీ. ఇక్కడి మనుషులు పలకరించినా తిట్టినట్టే ఉందని వాపోయేవాడట. అతను వచ్చిన మంగళవారమే కింద వీధి వాయిదా.

బుధవారం మధ్యాహ్నం అమ్మను మా చెల్లెలికి అప్పజెప్పి బస్సెక్కాను. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "మీ బడికాడ జీపులు నిలబడిండాయి టీచరమ్మా" అన్నాడు. అక్కడి నుంచి బడి దాకా నేను చేసిన ప్రార్థన దేవుడికి ఇంకా గుర్తుండే ఉంటుంది.

వరండాలో కుర్చీ వేసుకుని కింద వీధి పెద్దాయన కూర్చున్నాడు. చుట్టూ అతని మనుషులు. హెడ్మాస్టరు నిలబడి ఉన్నాడు.

"ఏంది టీచరమ్మా, మా పిల్లోళ్లు లేని పొద్దు చూసి వాళ్ల పిల్లోళ్లకు కొత్త పాఠం చెప్పించినారంట?"

"నేను ఊళ్లో లేనప్పా. మాయమ్మ ఆస్పత్రిలో ఉండె."

"నువ్వు లేకుంటే యామి, క్లాసు నీదే గదా. ఏం చెప్పల్లనో కాగితం రాసిపెట్టి పోయినావంట."

హెడ్మాస్టరు ఆ కాగితం తెచ్చి చూపించాడు. కొత్త పాఠం వద్దనే రాసింది చూడండి అన్నాడు. పెద్దాయన చదివించుకుని విన్నాడు.

"రాసిండేది ఒకటి, జరిగిండేది ఒకటి. మా కోర్టులో గూడా అంతేలే సారూ. ఇప్పుడేం చేస్తారు? చెప్పిన పాఠం వెనక్కి తీస్కోండి."

"పాఠం యాడ వెనక్కి తీస్కుంటామప్పా, అదేమన్నా ఎద్దులా, తోలకరావడానికి?" అన్నాడు హెడ్మాస్టరు. ఎవరూ నవ్వలేదు.

"అట్లయితే కింద వీధోళ్లందరికీ టీసీలు రాయి. మగపిల్లోళ్లను జమ్మలమడుగులో హాస్టలుకేస్తాం."

"ఆడపిల్లలు?" అన్నాను.

"వాళ్లను యాడికి పంపుతాం ఈ దినాల్లో? ఏడు దాకా వచ్చిందే ఎక్కువ. ఇంటికాడుంటారు."

ఆ వీధి నుంచి ఏడో తరగతికి వచ్చింది ఆరుగురు ఆడపిల్లలు. అంతకుముందు అయిదు కాగానే మాన్పించేవాళ్లు. ఈ ఆరుగురి కోసం నేను ఇంటింటికీ తిరిగి, తల్లుల కాళ్లావేళ్లా పడ్డాను. ఇంకొన్ని నెలల్లో ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష. వాళ్లలో ఒక పిల్ల ఈ పెద్దాయన తమ్ముని కూతురే. తండ్రిని పై వీధివాళ్లు చంపిన కేసు ఇంకా నడుస్తోంది. లెక్కల్లో అంత చురుకైన పిల్లను నేను అప్పటికి చూడలేదు. ఆ పిల్లను ఇంట్లో కూర్చోబెడతారంటే నాకు కోపమే వచ్చింది, భయం తర్వాత వచ్చింది.

స్టాఫ్ రూములో కుర్ర మాస్టరు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు.

"నేను చేసిన తప్పేంటండీ? పాతవన్నీ పిల్లలు గబగబా చేసేశారండి. కొత్తది చెప్పండి సార్ అని వాళ్లే అడిగారు. సమీకరణాలు మొదలుపెట్టాను. ఎంత బాగా పట్టుకున్నారనుకున్నారు! పూటంతా వాళ్లని ఊరికే కూర్చోబెట్టమంటారా?"

"కాగితంలో వద్దని రాశాను కదా సార్."

"వద్దని ఉందండీ. ఎందుకు వద్దో లేదు కదండీ."

నా వెనకే వచ్చిన హెడ్మాస్టరు పైకప్పు వైపు చూశాడు. పిల్లలూ, మీరూ టీచర్లే కాబట్టి చెబుతున్నాను. ఎందుకో చెప్పని నియమాన్ని చెడ్డ టీచరు హాయిగా పాటిస్తాడు. మంచి టీచరే దాన్ని దాటతాడు. ఆ రోజు మా పండితుణ్ణి పంపించి ఉంటే పద్యాలు వల్లె వేయించి, తాను ఓ కునుకు తీసి, ఊరిని ప్రశాంతంగా ఉంచేవాడు. ఇతనికి పాఠం చెప్పడం వచ్చు, అదీ మాకొచ్చిన చిక్కు.

మళ్లీ వరండాలోకి పోయి పెద్దాయనతో మాట్లాడాను. టీసీలు వద్దని, రేపే ఆ పాఠం అందరికీ కలిపి మళ్లీ చెబుతానని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. కలిపి చెబితే వాళ్లకు రెండుసార్లు అవుతుందట, తమకు ఒక్కసారే అవుతుందట. లెక్కల టీచరును, ఆ లెక్కను కాదనలేకపోయాను. చివరికి తనే ఒక షరతు పెట్టాడు.

"శుక్రారం వాళ్ల వాయిదా. నా తమ్ముని కేసు. ఆ పొద్దు మాకు కోర్టులో పన్లేదు, వాళ్లు పోయి బోనులో నిలబడి వస్తారు. వాళ్ల పిల్లోళ్లు బడికి రారు. అప్పుడు మా పిల్లోళ్లకు చెప్పల్ల. ఆ పాఠమే, ఆ సారే, అంత సేపే. నా మనిషి ఈడ కూచ్చోని చూస్తాడు. తక్కువైతే టీసీలు రాసియ్యండి."

కోస్తా మాస్టరు చచ్చినా రానన్నాడు. "మా అమ్మకి నేనొక్కణ్ణేనండి" అన్నాడు. మా అమ్మ మీద ప్రమాణం చేసి చెప్పాను, ఒక్క పీరియడే అని. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చిందని, ఇప్పుడు మీరు రాకపోతే ఆ ఆరుగురు ఆడపిల్లలూ బడికి ఎప్పటికీ రారని చెప్పాను. "ముందే ఇలా చెప్పి ఉంటే నేను ఆ రోజు పాత లెక్కలే చేయించేవాణ్ణి కదండీ" అన్నాడు. తర్వాత వస్తానన్నాడు. ఆ కుర్రవాడి మీద నాకు గౌరవం అప్పుడు మొదలైంది, ఇప్పటికీ ఉంది.

శుక్రవారం పొద్దున పై వీధి జీపులు ఒకదాని వెనక ఒకటి బడి ముందు నుంచే పోయాయి. మా క్లాసులో తూర్పు సగం ఖాళీ. కింద వీధి పిల్లలు తలలకు నూనె పెట్టుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. పెద్దాయన మనిషి గుమ్మం పక్కన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. మీసాలు ఘనంగా ఉన్నాయి. నడుముకు ఏముందో మేం అడగలేదు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఈసారి నేను కాగితమేమీ ఇవ్వలేదు. అంతా పక్కన కూర్చుని నోటితోనే చెప్పాను. మంగళవారం ఏ లెక్కలు వేశారో అవే వేయండి, ఎక్కడ జోకు వేశారో అక్కడే వేయండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు అని.

మాస్టరు బోర్డు మీద రాశాడు. మూడు ఎక్స్ కూడిక నాలుగు సమానం పంతొమ్మిది. "ఈ ఎక్స్ అంటే ఏమిటో మనకి తెలీదు, కనుక్కోవాలి. ఎలా కనుక్కుంటాం?" అని పిల్లల వైపు తిరిగాడో లేదో, ముందు వరసలో పెద్దాయన తమ్ముని కూతురు "అయిదు" అనేసింది.

మాస్టరు సుద్దముక్క పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఎక్స్ అంటే ఏమిటో ఇంకా చెప్పనే లేదు. నా ముందు బెంచీలో కూర్చున్న పిల్ల నోట్సులోకి తొంగిచూశాను. మూడు వరసల్లో లెక్క పూర్తి చేసి, కింద రెండు గీతలు కూడా కొట్టి పెట్టింది. ఇటు చూస్తే ఇంకొకడు, అటు చూస్తే ఇంకొకతె. అందరికీ వచ్చు! పెద్దాయన షరతు పెట్టాక గడిచింది ఒక్క గురువారమే. వీళ్లకు ఎవరు చెప్పి ఉంటారో నాకు అర్థమైంది. పై వీధి పిల్లలతో మాట్లాడారని తెలిస్తే టీసీలతో పోదు. ఇళ్లల్లో చర్మం ఒలుస్తారు.

గుమ్మం దగ్గర మనిషి తల లోపలికి పెట్టాడు. "ఏందమ్మీ, అప్పుడే వచ్చిందా నీకు?"

ఆ పిల్ల ఒక్క క్షణం కళ్లు కిందికి దించుకుంది. తర్వాత లేచి నిలబడి, "కాదు సార్, ఇరవై మూడు" అంది.

నాలుగు తీసేయాల్సిన చోట కలిపింది. కొత్తగా నేర్చుకునే ప్రతి పిల్లా చేసే తప్పు అదే. ఏ తప్పు చేస్తే నమ్ముతారో దానికి తెలుసు. వెనక నుంచి ఒకడు "పదహైదు సార్" అన్నాడు. ఇంకొకతె "పంతొమ్మిదే సార్, ఎక్స్ ఊరికే ఉండాది" అంది. నోట్సులో అయిదు అని రాసుకున్న పిల్ల దాని మీద అరచెయ్యి పెట్టుకుని, తనకేమీ అర్థం కాలేదని తల అడ్డంగా ఊపింది. క్లాసు మొత్తం మొద్దు మొహాలు వేసుకుని కూర్చుంది. అంత చక్కగా నటించే పిల్లలతో ఏళ్ల తరబడి వార్షికోత్సవ నాటకాలు వేయించలేక చచ్చానే అనుకున్నాను.

మాస్టరు నా వైపు చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను. అతను బోర్డు వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "ఇరవై మూడు ఎందుకు కాదో చూద్దామా?" అని అ ఆల దగ్గర నుంచి మొదలుపెట్టాడు. ఆ పీరియడంతా, వచ్చిన పాఠాన్ని రానివాళ్లలా నేర్చుకున్నారు ఆ పిల్లలు. నెమ్మదిగా, ఒక్కొక్కరుగా, ఎవరూ మరీ తొందరపడకుండా సరైన జవాబుకు చేరారు.

గంట కొట్టాక గుమ్మం మనిషి తువ్వాలు దులుపుకుని లేచాడు. "శానా గట్టి పాఠమమ్మా ఇది. మా పిల్లోళ్లకు రావడానికి ఎంత కష్టమాయె! ఇంకోసారి చెప్పించండి."

హెడ్మాస్టరు అక్కడే కాచుకుని ఉన్నాడు. "ఇంకోసారి చెప్తే మీకు రెండైతాయి. రేపు పై వీధోళ్లు వచ్చి నన్ను అడుగుతారు" అన్నాడు.

అతను ఆలోచించి, నిజమేనని తల ఊపి పోయాడు. సాయంత్రానికి కబురు వచ్చింది, టీసీలు అక్కర్లేదని. హెడ్మాస్టరు కుర్చీలో వెనక్కి వాలి, తనకు బీపీ ఉందని మాకు మొదటిసారి చెప్పాడు. శనివారం నుంచి రెండు సగాలూ నిండాయి. ఆ ఏడు పరీక్ష ఆరుగురు ఆడపిల్లలూ రాశారు, ఆరుగురూ పాసయ్యారు. కుర్ర మాస్టరు తర్వాత బదిలీ మీద వాళ్ల వైపు వెళ్లిపోయాడు. పోయేటప్పటికి అతనికి యాడ, ఈడ అన్నీ వచ్చేశాయి.

ఆ శుక్రవారం సాయంత్రం, బడి వదిలాక, పెద్దాయన తమ్ముని కూతురు బడి చేతిపంపు దగ్గర ఒక్కతే కనపడింది. దగ్గరికి రమ్మన్నాను. తప్పు జవాబు చెప్పినందుకు కొడతానేమోనని చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చింది.

"కొట్టను. నీకు లెక్క ఎవరు చెప్పారు?"

చేతిపంపు ఒక్కరే కొట్టుకుని తాగలేరు కదా టీచర్, ఎవురో ఒకరు కొట్టల్ల, ఇంకొకరు పట్టుకోని తాగల్ల అని మొదలుపెట్టింది. నిన్న తను తాగుతుంటే పంపు కొట్టిన పిల్ల, నేల మీద కాలి వేలితో గీసి లెక్క చూపించిందట. తను వచ్చి మిగతావాళ్లకు చెప్పిందట. ఆ పంపు కొట్టిన పిల్ల పేరు చెప్పింది. పై వీధి పిల్ల. ఆ పిల్ల తండ్రి ఆ రోజు పొద్దున్నే జీపులో జమ్మలమడుగు కోర్టుకు పోయాడు, ఈ పిల్ల తండ్రి కేసులో బోనులో నిలబడడానికి.

ఆ సంగతి ఇద్దరు పిల్లలకూ తెలుసు. తెలిసే ఒకతె కొట్టింది, ఒకతె తాగింది. నాకు ఏడుపు ఆగలేదు. పంపు కొట్టుకుని మొహం కడుక్కుందామంటే, నిజమే, ఒక్కదానివల్ల కావడంలేదు. ఆ పిల్లే వచ్చి కొట్టింది.

"మా పెదనాయనకు చెప్పొద్దు టీచర్. ఆయమ్మి వాళ్లింట్లో గూడా చెప్పొద్దు. ఇద్దరినీ మాన్పిస్తారు."

"చెప్పను."

పుస్తకాల సంచి భుజానికి తగిలించుకుని నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "మీరు అన్నీ కాగితం మీద రాసిపెడతారంట గదా టీచర్. ఇది రాయొద్దు."

రాయనని మాటిచ్చాను. ఆ కేసులు ఏనాడో రాజీ అయ్యాయి. పెద్దాయనా లేడు, బోనులో నిలబడిన ఆ తండ్రీ లేడు. ఆ ఇద్దరు పిల్లలూ ఎక్కడో ఉండే ఉంటారు. అయినా మాట మాటే కాబట్టి, సగమే తప్పాను. ఇందులో ఎవరి పేరూ రాయలేదు.